సంతకానికి ముందు ఒకసారి చదివి వినిపిద్దాం

మా ఇంటికి ఏ కాగితం వచ్చినా ముందు నా చేతికే వస్తుంది. కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు, అమ్మ పి.ఎఫ్. కాగితం, చిన్నాన్న కార్ఖానా చిట్టీ, ఏదైనా సరే, "నువ్వు కాలేజీల చదువుతున్నవ్ గదా, జర చూడు" అంటారు. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇదే వరస అని నాకు తెలుసు. పేటల్లో చదువుకునే ఆడపిల్లంటే సగం ఇంటి పిల్ల, సగం ఇంటి గుమాస్తా. అందుకే ఈసారి గోడపత్రికకు కవిత కాకుండా ఒక కాగితం కథ రాస్తున్నాను.

మా పెద్దనాన్న కొడుకు డ్రోన్ నడుపుతాడు. పెద్దనాన్న మాత్రం నలభై ఏళ్లు చాదర్ల మగ్గం ముందు నిలబడిన మనిషి. కొడుకు మగ్గం జోలికి పోనంటే మొదట కోపం వచ్చింది గానీ తర్వాత ఒప్పుకున్నాడు. పెద్దమ్మ గొలుసు తాకట్టు పెట్టి, అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో అన్నకు డ్రోన్ నేర్పించారు. సర్టిఫికెట్ వచ్చింది. రెండు కిలోల లోపు బరువున్న కెమెరా డ్రోన్ ఒకటి కొన్నాడు. పెళ్లిళ్లు, దానిమ్మ తోటల ఫొటోలు, కార్ఖానా కప్పుల మీద సోలార్ పలకలు పెట్టే ముందు కొలతలు, ఇవీ అతని పనులు. ఏ కంపెనీలోనూ ఉద్యోగం కాదు. ఒక మనిషి, ఒక డ్రోన్, ఒక బండి.

ఎగరేయడం అన్నకు నీళ్లు తాగినంత సులువు. అతన్ని కూలేసింది కాగితాలు.

ఒక్క పనికి ఎన్ని కాగితాలు కావాలో వింటే మీరూ ఆశ్చర్యపోతారు. డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నడిపేవాడికి సర్టిఫికెట్ ఉండాలి. చిన్న బొమ్మలాంటి 250 గ్రాముల లోపు డ్రోన్లకు తప్ప మిగతా వాటికి థర్డ్ పార్టీ బీమా ఉండాలి. ఎగరేసే చోటు ఆకుపచ్చ జోన్‌లో ఉందా, పసుపులో ఉందా, ఎరుపులో ఉందా అని మ్యాప్‌లో చూసుకోవాలి. పసుపైతే విమానాశ్రయం వాళ్ల అనుమతి, ఎరుపైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి. ఇదంతా ప్రభుత్వానికి. పని ఇచ్చేవాళ్లకు మళ్లీ వేరే: కొటేషన్, ఎన్ని ఫొటోలు ఏ రోజుకు ఇస్తామో చెప్పే ప్రస్తావ్, ప్రమాదం జరిగితే ఎవరిది పూచీ అనే హామీ పత్రం, పని అయ్యాక బిల్లు.

నిజం చెప్పాలంటే ప్రభుత్వం తన వైపు భారం తగ్గించింది. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలతో ఫారాలు 25 నుంచి 5కు, రుసుముల రకాలు 72 నుంచి 4కు తగ్గాయి. 2022 ఫిబ్రవరి సవరణతో పైలట్ లైసెన్సు అనేదే పోయి, శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్టే చాలు అన్నారు. పది పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లెవరైనా నేర్చుకోవచ్చు. కానీ పని ఇచ్చేవాళ్ల దగ్గర కాగితాలు తగ్గలేదు, పెరిగాయి. 2024 అక్టోబరులో విజయవాడలో కృష్ణ ఒడ్డున 5,500 డ్రోన్లు ఒకేసారి ఎగిరాయని వీడియోలు చూసి అందరం నోళ్లు తెరిచాం గదా. అలాంటివి చేసే కంపెనీలకు కాగితాలు రాయడానికే ఒక గది నిండా మనుషులుంటారు. మా అన్నకు ఉన్నది నేను. నాకేమో పరీక్షలు.

అంతకు ముందు ఒక జిరాక్స్ దుకాణం ఆయన రాసిపెట్టేవాడు. ఒక్క ప్రస్తావ్‌కు 500 రూపాయలు. మూడు రోజులు తిప్పించుకునేవాడు. ఈలోపు పని వేరేవాళ్లకు పోయేది. ఒకసారి వేరేవాళ్ల కోసం రాసినదాన్నే పేరు మార్చి ఇచ్చాడు. మూడో పేజీలో పాత పేరు అట్లాగే ఉంది. ఆ పని కూడా పోయింది.

అప్పుడు ఏఐ వచ్చింది. అన్న ఫోన్‌లో తెలుగులోనే అడిగాడు, "డ్రోన్ పనికి ప్రస్తావ్ రాసియ్యి" అని. అది ఒక పేజీ నిండా డ్రోన్ల గొప్పతనం, మానవ ప్రగతి, ఆకాశపు అంచులు అంటూ వ్యాసం రాసింది. మేమిద్దరం పడీపడీ నవ్వాం. నాకు తర్వాత తట్టింది. మనం సోలాపూర్‌లో ప్రస్తావ్ అంటే మరాఠీ అర్థంలో అంటాం, ఫలానా పని ఇంతకు చేస్తానని రాసి ఇచ్చేది. అది దాన్ని మన ప్రస్తావన అనుకుంది, పుస్తకానికి ముందు రాసే మాట. రెండో తరగతి పుస్తకం నుంచి మరాఠీ, ఇంట్లో తెలుగు, ఫోన్‌లో ఇంగ్లీషు: మన నోట్లో మూడు భాషలు ఎంత కలిసిపోయాయో మనకే తెలియదు, పాపం దానికేం తెలుస్తుంది?

మాట మార్చి అడిగితే మాత్రం అద్భుతంగా రాసింది. మరాఠీలో, ఇంగ్లీషులో, రెండింట్లో. మూడు రోజుల పని అరగంటలో అయిపోయింది. జిరాక్స్ దుకాణానికి పోవడం మానేశాం. నేను దీన్ని చిన్న సంగతి అనుకోను. మన పేటల్లో తరాల తరబడి పని వచ్చినవాడు రాత వచ్చినవాడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ వరస మొదటిసారి కొంచెం కదిలింది. ఏఐ చెడ్డది, పిల్లలు ముట్టుకోవద్దు అనేవాళ్లు ఆ దుకాణం ముందు ఎప్పుడూ నిలబడి ఉండరు అనుకుంటా.

కానీ కథ అక్కడ ఆగలేదు.

పోయిన చలికాలంలో ఊళ్లోనే ఒక సంస్థ వాళ్ల వార్షికోత్సవానికి డ్రోన్ షూటింగ్ కావాలన్నారు. అన్నకు అదే అప్పటికి అన్నిటికంటే పెద్ద పని. గొలుసు విడిపించుకోవచ్చు అనేంత పెద్దది. రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికి వచ్చాడు. ఏఐ రాసిచ్చిన నాలుగు పేజీలు, రంగుల లెటర్‌హెడ్, చూడ్డానికి పెళ్లి పత్రికంత అందంగా ఉంది. "ఒక్కసారి తప్పులు చూసి పెట్టు, పొద్దున ఇయ్యాలె" అన్నాడు. అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అమ్మకు చదువు రాదు. "నాకు గూడ వినబడేటట్టు చదువు, ఏం రాసిండో చూద్దం" అంది. నేను మరాఠీ చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను.

"మా సంస్థలో ఆరుగురు అనుభవజ్ఞులైన సభ్యులు ఉన్నారు..."

అమ్మ చేతిలో తునికాకు ఆగింది. "ఆరుగురు ఎవరు?"

అన్న నవ్వాడు. "అట్లనే రాస్తరు చిన్నమ్మా."

"రేపు ఆ ఆరుగురిని తీస్కరమ్మంటే ఎవర్ని తీస్కపోతవ్? మీ అత్తగారోళ్లనా?"

ముగ్గురం నవ్వాం. ఇంకో పేజీలో ఐదేళ్ల అనుభవం అని ఉంది. అన్నకు ఉన్నది ఏడాదిన్నర. కొటేషన్ కింద 18 శాతం జి.ఎస్.టి. కలిపి ఉంది. అన్నకు జి.ఎస్.టి. నంబరే లేదు. సంవత్సరానికి 20 లక్షల లోపు సేవలు చేసేవాళ్లకు అది అక్కర్లేదు. సరే, కానీ నంబరు లేనివాడు ఆ పన్ను వసూలు చేయనూ కూడదు. పెద్ద కంపెనీల కొటేషన్లలో ఆ లైను ఉంటుంది కనుక ఏఐ ఇక్కడా పెట్టేసింది. ఎవరినో మోసం చేయాలని కాదు. ఇలాంటి కాగితాలు ఎట్లా ఉంటాయో అట్లా రాసింది, అంతే.

నాలుగో పేజీలో ఉన్నది చదివాక మాత్రం ఎవరం నవ్వలేదు. "సోలాపూర్ నుంచి రోజువారీ విమానాలు లేవు కాబట్టి ఈ కార్యక్రమానికి డ్రోన్ ఎగరేయడానికి ఎలాంటి అనుమతీ అవసరం లేదు."

హోటగీ రోడ్డు విమానాశ్రయం సంగతి మీకందరికీ తెలుసు. విమానాలు దిగడానికి అడ్డం అని 2023 జూన్ 15న సిద్ధేశ్వర్ చక్కెర కార్ఖానా చిమ్నీని కూలగొట్టారు. ఊరు ఊరంతా ఆ రోజు టీవీ ముందే ఉంది. 2025 జూన్‌లో గోవాకు విమానం మొదలైంది. మా మిద్దె మీద పిల్లలు దానికి చేతులూపుతారు. ఏఐకి ఆ పిల్లలకు తెలిసినంత కూడా తెలియదు. అది ఎప్పటి సంగతులో చదువుకుని కూర్చుంది. నియమం ఏమంటే, నడుస్తున్న విమానాశ్రయం గోడ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితేనే అనుమతి కావాలి. ఇంకా దగ్గరైతే నేల మీది నుంచే లెక్క, మ్యాప్ చూడకుండా కదలకూడదు. మన సాఖర్ పేట, అశోక్ చౌక్, దత్త నగర్ అన్నీ ఆ 12 కిలోమీటర్ల లోపలే. తప్పు చేస్తే లక్ష రూపాయల దాకా జరిమానా. సర్టిఫికెట్ కూడా పోవచ్చు. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది.

ఆ నాలుగు పేజీల చివర ఏముందో తెలుసా? మనం చిన్నప్పటి నుంచి ప్రతి ఫారం కింద చూసే వాక్యమే. 'వరీల్ మాహితీ ఖరీ ఆహే.' పైన రాసినదంతా నిజం అని. దాని కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. అన్నీ నింపిన ఏఐ అదొక్కటి నింపలేదు.

అమ్మ అప్పుడు అమ్మమ్మ సంగతి చెప్పింది. అమ్మమ్మ కూడా బీడీలే చుట్టేది. ఒకసారి ఆమె పనిచేసే చోట ఏదో కాగితం మీద వేలిముద్ర వేయమంటే వేసింది. చదివి చెప్పేవాళ్లు లేరు. రెండేళ్ల తర్వాత సెలవు డబ్బులు అడిగితే "ముట్టినయని నువ్వే వేలు పెట్టినవ్ గదా" అన్నారట. "మా అమ్మకు సదువు రాక వేలు పెట్టింది. నీకు సదువొచ్చి గూడ సదవకుంట పెడితే నువ్వు పెట్టేది గూడ వేలిముద్రనేరా" అని అన్నతో అంది. మళ్లీ బీడీ చుట్టుకుంది.

నేను చెప్పదలచింది అమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. మిగతాది దానికి నా వివరణ మాత్రమే.

ఆ రాత్రి మేము ఆ ప్రస్తావ్‌ను తిరగరాశాం. ఆరుగురు పోయి ఒక్కడు మిగిలాడు. ఐదేళ్లు ఏడాదిన్నర అయింది. జి.ఎస్.టి. లైను కొట్టేశాం. అనుమతి దగ్గర "స్థలం చూసి, అవసరమైన అనుమతి తీసుకున్న తర్వాతే ఎగరేస్తాము, అందుకు సమయం పడుతుంది" అని రాశాం. నాలుగు పేజీలు రెండు అయ్యాయి.

ఆ పని అన్నకు రాలేదు. అనుమతి గొడవ లేదని చెప్పినవాళ్లెవరికో ఇచ్చారట. అన్న నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఇది దాచిపెట్టి రాస్తే నేను కూడా ఆ ఏఐలాగే రాసినట్టు అవుతుంది, అందుకే చెబుతున్నాను. నిజం రాస్తే వెంటనే పని దొరుకుతుందని నేను అనను. మా క్లాసులో ఒక స్నేహితురాలు ఇదే అడిగింది: "అందరూ గొప్పలు రాసుకుంటుంటే మీ అన్న ఒక్కడే నిజం రాస్తే పని ఎవరిస్తారే?" న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. పెద్ద కంపెనీ కాగితంలో తప్పు దొరికితే వాళ్లకు వకీలు ఉంటాడు, ఇంకో ఊళ్లో ఇంకో పని ఉంటుంది. మా అన్నకు ఈ ఊరే ఉంది, ఈ పేటలే ఉన్నాయి. ఒక్కసారి పేరు పోతే పెళ్లి ఫొటోలకు కూడా పిలవరు. పేదవాడికి నిజం రాయడం గొప్పతనం కోసం కాదు, వేరే దిక్కు లేక.

ఏఐ గురించి పెద్దనాన్నకు చెబితే ఆయనకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మన చాదర్ల మీద నెమళ్లు, పువ్వులు దించేది జకార్డు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన తయారు చేశాడు. అట్టలకు చిల్లులు పెట్టి, ఏ దారం లేవాలో ఏది ఆగాలో ఆ చిల్లులతోనే మగ్గానికి చెప్పే ఏర్పాటు. కంప్యూటర్లకు కూడా చాలాకాలం చిల్లుల కార్డులతోనే పని చెప్పారు. అంటే మన ఇళ్లలో మగ్గం చప్పుడుకు నిద్రపోయిన పిల్లలం యంత్రానికి పని అప్పజెప్పడం చూసి భయపడాల్సింది లేదు. పెద్దనాన్న అన్నది ఏమంటే, "అట్టల ఒక్క చిల్లు తప్పు పడితే మగ్గానికి తెలుస్తదా? ప్రతి చాదర్ల అదే జాగల అదే తప్పు. నిలబడి చూసేటోడు లేకుంటే గజాలకు గజాలు తప్పు బట్టే నేస్తది." ఆ ఆరుగురు కూడా అంతే. మేము పాత ఫైళ్లు తీసి చూస్తే, అన్న అంతకు ముందు ఇచ్చిన మూడు ప్రస్తావ్‌లలోనూ ఆ ఆరుగురు ఉన్నారు. ఎవరూ చూడలేదు. అన్న కూడా.

కాబట్టి ఏఐ వాడదాం. నా అభిప్రాయం అదే. వాక్యం అది రాయనీ, మరాఠీ అది సరిచేయనీ, కొటేషన్ గీతలు అది గీయనీ. కానీ మూడు పనులు దానికి ఇవ్వొద్దు. ఒకటి, అంకెలు, తేదీలు, అనుమతులు: ఇవి మన కాగితాల నుంచి, ఆ రోజు మ్యాప్ నుంచి మనమే తీసి ఇవ్వాలి, దాన్ని అడగకూడదు. రెండు, ఆధార్, పాన్, పని ఇచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు దానిలో పడేయకూడదు. అవి చివర్లో మన చేత్తో నింపుకోవచ్చు. మూడు, సంతకం. సంతకానికి ముందు ఒకసారి ఇంట్లోవాళ్లకు తెలుగులో చదివి వినిపించాలి. కళ్లతో చదివితే అందమైన వాక్యం మోసం చేస్తుంది. నోటితో మన భాషలో చెప్పబోతే అబద్ధం దగ్గర నాలుక ఆగుతుంది. ఆ రాత్రి "ఆరుగురు" అన్న దగ్గర నా గొంతు నాకే వింతగా వినిపించింది.

ఇక మన విభాగం సంగతి. "తెలుగు చదివి ఏం చేస్తవ్? ఇది మహారాష్ట్ర గదా" అని మనల్ని ఎంతమంది అడగలేదు! నాకిప్పుడు ఒక జవాబు దొరికింది. కుంభారీలో బీడీ కార్మికులకు గోదూతాయి పరుళేకర్ కాలనీలో 10,000 ఇళ్లు కట్టారు, 2024 జనవరి 19న అక్కడే రే నగర్‌లో 15,000 ఇళ్లు అప్పగించారు. ఒక్కో ఇంటి వెనక ఒక్కో కాగితాల కట్ట. ఆ కట్టలో ఒక్కటీ తెలుగులో ఉండదు. ఆ ఇళ్లలో ఎన్నిట్లో మాట్లాడేది మాత్రం తెలుగే! ఈ రెండింటి మధ్య నిలబడి చెప్పగలిగినవాళ్లం మనమే. ఏఐ అనువాదం చేస్తుంది, నిజమే. కానీ మన అమ్మల తెలుగు, మగ్గాల తెలుగు, మరాఠీ కలిసిన తెలుగు దానికి ఇంకా సరిగా రాదు, ప్రస్తావ్‌కు ప్రస్తావన రాసినప్పుడే తేలింది.

అందుకే మన మేడమ్‌లను, సార్లను ఒకటి కోరుతున్నాను. వారానికి ఒక్క గంట, శనివారం క్లాసులయ్యాక, విభాగంలో ఒక బల్ల వేయండి. ఎవరి ఇంటి కాగితం వాళ్లు తెచ్చుకుందాం. అన్నల కొటేషన్లు, అమ్మల పి.ఎఫ్. ఫారాలు, బచత్ గట్ దరఖాస్తులు. మరాఠీలో ఒక అర్థం, తెలుగులో ఇంకో అర్థం ఉన్న మాటల పట్టిక ఒకటి తయారుచేద్దాం. ఫారంలో 'శిక్షణ్' అని ఉంటే అది చదువు, మన శిక్షణ కాదు. ఇలాంటివి మనకు యాభై దొరుకుతాయి. పట్టిక ఈ గోడ మీదే అంటిద్దాం.

ఇది అన్నల కోసం మాత్రమే అనుకోకండి. 2023 నవంబరులో కేంద్రం ఒప్పుకున్న నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాల కోసం. డ్రోన్ ఖరీదులో 80 శాతం, 8 లక్షల దాకా సాయం అన్నారు. దాంట్లో ఎగరేసేది ఒక అక్కో చెల్లెలో. మనందరం పది పాసైనవాళ్లమే, 18 దాటినవాళ్లమే. రేపు ఆ బచత్ గట్ ప్రస్తావ్ కింద సంతకం మనదే కావచ్చు.

మరాఠీలో బాధ్యతను 'జబాబ్‌దారీ' అంటారు, మనం జవాబుదారీ అంటాం. మాట ఒకటే: అడిగితే జవాబు చెప్పాల్సినవాడు. ఆ రోజు ఆరుగురెవరని అమ్మ అడిగితే ఫోన్ ఏమీ మాట్లాడలేదు, అన్నే చెప్పుకోవాల్సి వచ్చింది.

పోయిన వారం అన్న మళ్లీ వచ్చాడు. ఒక దానిమ్మ తోట పని, చిన్నదే. రెండు పేజీలు. నా చేతికి ఇవ్వకుండా అమ్మ ముందు కూర్చుని తనే చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకచోట తనే ఆగి పెన్ను అడిగాడు. ఏ లైను కొట్టేశాడో నేను చూడలేదు.

– బి.ఎ. రెండవ సంవత్సరం విద్యార్థిని, తెలుగు విభాగం